ముందు బ్యాగు లోపలికి రానివ్వండి

ఈ మధ్య మా అధ్యాపకుల వాట్సాప్ గ్రూపులో కొత్తగా కట్టిన కాలేజీ లైబ్రరీల ఫోటోలు వరసగా వస్తున్నాయి. మా కాలేజీకీ కొత్త లైబ్రరీ భవనం మంజూరయ్యేలా ఉంది కాబట్టి, ఎవరికి ఎక్కడ ఏది కనిపించినా గ్రూపులో పెడుతున్నారు. ఎత్తయిన గాజు గోడలు, రంగురంగుల సోఫాలు, కూర్చుని చదువుకునేంత వెడల్పున్న చెక్క మెట్లు, మూలన కాఫీ మిషను. చూడ్డానికి బాగున్నాయి. నాకు మాత్రం ఆ ఫోటోల్లో ఉన్నవాటికంటే లేనివే ఎక్కువగా కనిపించాయి. ఏ బల్ల మీదా బ్యాగు లేదు. నీళ్ల సీసా లేదు. అంచులు నలిగిన సొంత నోట్సు ఒక్కటీ లేదు.

ప్రారంభోత్సవం రోజు తీసినవి కదా, అందుకే అలా ఉన్నాయేమో అనుకున్నాను. వాటిలో ఒక కాలేజీకి పరీక్షల డ్యూటీ మీద వెళ్లొచ్చిన సహోద్యోగిని అడిగితే, మామూలు రోజుల్లోనూ అంతేనంది. తలుపు దగ్గరే ప్రాపర్టీ కౌంటర్. బ్యాగు అక్కడ పెట్టి టోకెన్ తీసుకోవాలి. సొంత పుస్తకాలు లోపలికి తేకూడదు. నాలుగు తెల్లకాగితాలు, పెన్ను, ఐడీ కార్డు, అంతే. "మరి ల్యాప్‌టాప్?" అన్నాను. "చేత్తో పట్టుకెళ్లాలి. సంచీ మాత్రం బయటే" అంది.

మాకు వచ్చిన మొదటి ప్లాన్‌లోనూ గాజు తలుపు పక్కన ఒక చిన్న గడి గీసి 'ప్రాపర్టీ కౌంటర్' అని రాసి ఉంది. కొత్త భవనం కోసం వేసిన మా కమిటీలో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. సోఫాల గురించి మాట్లాడారు, ఏసీ గురించి మాట్లాడారు, కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు ఎంట్రన్స్ ఎలా కనిపించాలో మాట్లాడారు. నాకైతే ఆ ప్లాన్ మొత్తంలో అతి ముఖ్యమైన నిర్ణయం ఆ చిన్న గడే అనిపించింది. చదివే మనిషి తన సరంజామాతో లోపలికి రావచ్చా లేదా అన్నది తేలకుండా ఎంత భవనం కట్టినా అది కొత్త లైబ్రరీ అవదు. పాత లైబ్రరీకి కొత్త గోడలు కట్టినట్టవుతుంది.

మెట్ల మీద అమ్మాయి

ఇది నాకు సిద్ధాంతంగా తట్టిన మాట కాదు. మా ప్రస్తుత లైబ్రరీ బయట వరండా మెట్ల మీద రోజూ ఒక అమ్మాయి కూర్చుని చదువుకుంటూ ఉండేది. బీకామ్ రెండో సంవత్సరం. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. పక్కన బ్యాగు, ఒళ్లో నోట్సు, చెప్పుల స్టాండుకు ఆనుకుని కూర్చునేది. ఒక రోజు ఆగి అడిగాను.

"లోపల ఫ్యాను ఉంది కదమ్మా, ఇక్కడెందుకు?"

"నోట్సు తేనివ్వరు మేడమ్."

"లోపల ఆ పుస్తకమే ఉంది కదా, తీసి చదువుకోవచ్చుగా?"

"అది ఇంగ్లీషులో ఉంది మేడమ్. నా నోట్సు పక్కన పెట్టుకుంటే తప్ప అర్థం కాదు."

ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలకు లైబ్రరీ పుస్తకం ఒక్కటే ముందు పెట్టుకుంటే పని జరగదు. పక్కన తెలుగు గైడు ఉండాలి, తను రాసుకున్న నోట్సు ఉండాలి, అర్థం కాని మాట చూసుకోవడానికి ఫోను ఉండాలి. ఆ నాలుగూ ఒకే బల్ల మీద చేరినప్పుడే ఆ ఇంగ్లీషు పుస్తకం తెరుచుకుంటుంది. మనం తలుపు దగ్గర వాటిని విడదీస్తున్నాం. ఇంగ్లీషు పుస్తకం లోపల ఉండిపోయింది, తెలుగు నోట్సు మెట్ల మీద ఉండిపోయింది. రెండింటి మధ్య గాజు తలుపు.

ఆ తర్వాత నుంచి నేను ఖాళీ పీరియడ్లలో లైబ్రరీలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో గమనించడం మొదలుపెట్టాను. మధ్యలో ఉన్న పెద్ద బల్లలు దాదాపు ఖాళీ. వాటి మీద ఫ్యాను నేరుగా కొడుతుంది, కాగితాలు ఎగిరిపోతాయి. ఫ్యాను తగ్గిస్తే చివర కూర్చున్నవాళ్లకు చెమట. ఈ గొడవ మన ఊళ్లలో ప్రతి రీడింగ్ హాల్లో ఉన్నదే, అయినా ఏ ప్లాన్‌లోనూ కనిపించదు. ఉత్తరం వైపు కిటికీల దగ్గర కుర్చీలు మాత్రం ఎప్పుడూ నిండి ఉంటాయి. అన్నిటికంటే గిరాకీ ఉన్న చోటు ఏదంటే, కేటలాగు బీరువా వెనక నేల. ఎందుకంటే ఒకప్పుడు జిరాక్సు మిషను కోసం పెట్టిన ప్లగ్గు అక్కడుంది. మిషను పోయింది, ప్లగ్గు మిగిలింది. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చి, నలుగురు నేల మీద గుండ్రంగా కూర్చుని చార్జింగ్ పెట్టుకుని చదువుకుంటున్నారు. ప్లాన్ గీసే ఆర్కిటెక్టుకు నేను చూపించాలనుకున్నది ఈ నేలనే.

అశోక్‌నగర్ చెప్పే సంగతి

పీహెచ్‌డీ రోజుల్లో నేను హైదరాబాదులో అశోక్‌నగర్ దగ్గర ఉండేదాన్ని. చిక్కడపల్లిలో ఉన్న సిటీ సెంట్రల్ లైబ్రరీ సంగతి గ్రూప్స్‌కు చదివినవాళ్లందరికీ తెలుసు. లోపల కుర్చీ దొరకనివాళ్లు ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదువుకుంటారు. చుట్టుపక్కల సందుల్లో ఏ మేడ చూసినా రీడింగ్ రూమ్ బోర్డే. ఏసీ, నాన్ ఏసీ, వైఫై, లాకర్, 24 గంటలు. లోపల ప్లైవుడ్ చెక్కలతో విడదీసిన చిన్న చిన్న క్యాబిన్లు. ఒక కుర్చీ, తల పైన ఒక లైటు, ఒక ప్లగ్గు. అంతకుమించి ఏమీ లేదు. పుస్తకాలు అసలే లేవు.

దానికి పిల్లలు నెలనెలా డబ్బు కడుతున్నారు. హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు కట్టాక మిగిలినదాంట్లోంచి. కుర్చీ కోసం, ప్లగ్గు కోసం, బ్యాగు పెట్టుకునే హక్కు కోసం. లైబ్రరీ కట్టేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన సర్వే ఇంకెవరు చేసిపెడతారు? గదికి నలుగురున్న హాస్టల్లో, టీవీ ఆగని ఇంట్లో, చదువుకోవడానికి చోటు లేని పిల్లవాడికి మొదట కావలసింది తనదనుకునే చదరపు గజం. మన విశ్వవిద్యాలయాల్లో, పెద్ద కాలేజీల్లో లక్షల పుస్తకాలు కొని ఆ చోటును మాత్రం ఇవ్వలేకపోయాం. కుర్చీని ప్రైవేటువాళ్లు అమ్ముకున్నారు.

అలా అని రీడింగ్ రూమే లైబ్రరీకి నమూనా అంటే నేను ఒప్పుకోను. ఆ క్యాబిన్లలో నెలల తరబడి కూర్చున్నవాళ్లను చూశాను. తెచ్చుకున్న పుస్తకం తప్ప మరో పుస్తకం కంటపడే అవకాశం అక్కడ లేదు. పాలిటీ గైడు చదివేవాడికి రాజ్యాంగ సభ చర్చల సంపుటం ఎలా ఉంటుందో చూసే వీల్లేదు. పుస్తకాలు లేని కుర్చీ ఒక చోట, కుర్చీ లేని పుస్తకాలు మరో చోట. ఈ రెండూ ఒక చోట చేరడమే నా దృష్టిలో ఆధునిక లైబ్రరీ.

లైబ్రేరియన్ భయం

బ్యాగు నిబంధన గురించి మా లైబ్రేరియన్ మేడమ్‌తో మాట్లాడినప్పుడు ఆవిడ బీరువా తీసి యాక్సెషన్ రిజిస్టర్లు చూపించారు. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు, ఒక ధర. స్టాక్ వెరిఫికేషన్‌లో తక్కువ వచ్చినవాటికి ఆవిడే సంజాయిషీ రాయాలి. రిటైరయ్యేటప్పుడు, బాకీలేమీ లేవని ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ ఆగిపోయి పెన్షన్ కోసం తిరిగిన లైబ్రేరియన్ల కథలు ఆ వృత్తిలో అందరికీ తెలుసు. "బ్యాగులు రానిమ్మంటున్నారు, బాగానే ఉంది. పోయిన పుస్తకానికి మీ కమిటీ సంతకం పెడుతుందా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

పేజీలు చించుకుపోవడం, రిఫరెన్సు పుస్తకాన్ని చొక్కాలోపల పెట్టుకుపోవడం నిజంగా జరుగుతాయి. పరీక్షల ముందు తనకొక్కడికే దొరకాలని కావలసిన పుస్తకాన్ని వేరే సబ్జెక్టు ర్యాకులో దాచేవాళ్లూ ఉంటారు. దీన్ని కొట్టిపారేసి మాట్లాడితే లైబ్రేరియన్లు మన మాట వినరు, వినకూడదు కూడా.

అయితే ఈ భయానికి మందు ప్రభుత్వ నిబంధనల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో 215వ నిబంధన లైబ్రరీ పుస్తకాల గురించే. ఏడాదిలో ఇచ్చిన, లేదా లోపల చదివిన పుస్తకాల్లో వెయ్యికి ఐదు దాకా పోతే, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే, అది సహజమైన నష్టమేనని అది ఒప్పుకుంటుంది. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. వెరిఫికేషన్ ఎంతకాలానికొకసారి చేయాలన్నదీ అక్కడే ఉంది: 20,000 లోపు పుస్తకాలుంటే ఏటా పూర్తిగా, 50,000 దాకా అయితే మూడేళ్లకు ఒకసారైనా, అంతకు మించితే నమూనాగా కొన్నిటిని. పుస్తకం వాడితే అరుగుతుంది, కొన్ని పోతాయి అని ఆర్థిక శాఖే ఒప్పుకున్నాక మనమెందుకు ఒప్పుకోకూడదు? రాష్ట్ర సంస్థలకు వేరే నియమాలున్నా, పాలకమండలి ఇదే పద్ధతిలో ఒక తీర్మానం చేసి లైబ్రేరియన్ చేతికిస్తే ఆవిడ సగం తాళాలు తీసేస్తారు. గాజు తలుపు కంటే ముందు కావలసింది ఆ కాగితం.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడనే రంగనాథన్ గారు 1931లో తన ఐదు సూత్రాల్లో మొదటిదిగా పుస్తకాలు ఉన్నది వాడకానికే అని రాసినప్పుడు, ఐరోపాలో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసిన రోజుల నుంచి మొదలుపెట్టారు. ఆ తర్వాత ఆయన చర్చించింది లైబ్రరీ ఎక్కడుండాలి, ఎన్ని గంటలు తెరిచుండాలి, కుర్చీలు బల్లలు ఎలా ఉండాలి అన్నవి. లైబ్రరీ సైన్సు విద్యార్థులు ఐదు సూత్రాలనూ బట్టీ పడతారు, ఈ సంగతులు మాత్రం చాలామందికి గుర్తుండవు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్‌గా వచ్చిన ఆయన, లండన్ వెళ్లి చూసొచ్చాక అరలను చదువరుల కోసం తెరిచారు. అప్పుడూ పుస్తకాలు పోతాయనే భయం లేకపోలేదు. వందేళ్లయింది. మన కాలేజీల్లో ఇప్పటికీ చీటీ రాసిస్తే అటెండర్ లోపలికెళ్లి పుస్తకం తెచ్చే చోట్లు ఎన్ని లేవు!

బ్యాగు లోపలికి వస్తే పుస్తకం బయటికి పోతుందా

నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన అనుమానం దొంగతనం గురించి కాదు. బ్యాగులు రానిస్తే కుర్చీలన్నీ పోటీ పరీక్షలవాళ్లతో నిండిపోతాయి, లైబ్రరీ పుస్తకాలను ముట్టుకునేవాడుండడు అని చాలామంది లైబ్రేరియన్లు అంటారు. అబద్ధం కాదు. సొంత పుస్తకాలు అనుమతించే రీడింగ్ హాళ్లు చూశాను. ఉదయం ఏడింటికే కుర్చీ మీద కర్చీఫ్ వేసి ఆపుతారు. పొద్దుగూకే దాకా కదలరు. పక్క హాల్లో ర్యాకుల మధ్య మనిషుండడు. అక్కడ లైబ్రరీ అంటే ఉచిత రీడింగ్ రూమ్, అంతే. ముప్పై ఏళ్లు పుస్తకాలు సేకరించినవాళ్లకు అది చూస్తే బాధ కలగదా?

ఈ చిక్కుకు సమాధానం మా లైబ్రరీలోనే, ఎవరూ అనుకోకుండా దొరికింది. అటెండర్ సెలవు పెట్టిన వారంలో, తిరిగొచ్చిన పుస్తకాల ట్రాలీని ర్యాకుల్లో సర్దేవాళ్లు లేక రీడింగ్ హాల్లో బల్లల మధ్యే వదిలేశారు. తోచనప్పుడు చెయ్యి చాచి అందులోంచి పుస్తకాలు తీసి చూడటం మొదలుపెట్టారు పిల్లలు. బ్యాంకు పరీక్షకు లెక్కలు చేసుకుంటున్న ఒక కుర్రాడు కృష్ణా డెల్టా కాలువల చరిత్ర తీసి బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. లెక్కల మధ్య విరామంలో మామూలుగా ఫోను చూసేవాడు. అటెండర్ వచ్చాక కూడా మేడమ్ ఆ ట్రాలీని అక్కడే ఉంచేశారు. రెండు పుస్తకాలు కనబడకుండా పోయాయని కూడా ఆవిడే చెప్పారు.

పరీక్షకు చదివేవాడు పుస్తకానికి శత్రువు కాదు. గంటల తరబడి ఒకేచోట కూర్చునే మనిషికంటే మంచి చదువరి ఎవరు దొరుకుతారు? పుస్తకాన్ని వేరే హాల్లో, వేరే అంతస్తులో పెట్టి, అతను లేచి వెళ్లలేదని నింద వేస్తున్నాం. చెయ్యి చాపితే అందే దూరంలో, నడుమెత్తు అరల్లో, కుర్చీల వరసల మధ్యే పుస్తకాలుండాలి. కొత్తగా వచ్చినవి, తెలుగువి, సన్నవి, బొమ్మలున్నవి.

ఈ మాట కమిటీలో అన్నప్పుడు ఇంజనీరుగారు ఒక సంగతి చెప్పారు. నాకు అది కొత్త. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం క్లాసు గది నేలకు చదరపు మీటరుకు సుమారు 300 కిలోల బరువు లెక్క కడితే, నిండు ర్యాకులుండే గదికి 600 కిలోలు కట్టాలి. ర్యాకు ఎత్తు పెరిగితే ఇంకా ఎక్కువ. "ర్యాకులు ఎక్కడికైనా జరుపుకుంటామంటే నేలంతా స్టాక్ లోడ్‌కి డిజైన్ చేయాలి మేడమ్, స్టీలు ఖర్చు పెరుగుతుంది" అన్నారు. నడుమెత్తు అరలైతే భారం తగ్గుతుందని ఆయనే ఒప్పుకున్నారు. క్లాసు గదుల కోసం కట్టిన మేడ మీది అంతస్తును తర్వాత లైబ్రరీగా మార్చుకునే కాలేజీలు ఈ లెక్క చూసుకుంటున్నాయో లేదో మరి. ఇవి పునాది వేయకముందు తేల్చుకోవలసినవి. బ్రిటన్ ఆర్కిటెక్టు ఫాక్‌నర్-బ్రౌన్ మంచి లైబ్రరీ భవనానికి ఉండవలసిన పది లక్షణాలు చెప్పినప్పుడు మొట్టమొదట పెట్టింది, అవసరం మారినప్పుడు మార్చుకునే వీలుండటం. ఆ వీలు నేల కింద కడ్డీల్లోనూ నేలలో పెట్టే ప్లగ్గుల్లోనూ ఉంటుంది.

రాలీ, ప్యారిస్, ఎక్సిటర్

మా అక్క కూతురు అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసింది. రాలీలో 2013లో తెరిచిన అక్కడి హంట్ లైబ్రరీ ఫోటోలు మా గ్రూపులోనూ వచ్చాయి. నార్వే సంస్థ స్నోహెట్టా డిజైన్ చేసింది. బుక్‌బాట్ అనే యంత్రం 20 లక్షల దాకా పుస్తకాలను పెట్టెల్లో దాచగలదు, అడిగితే కొన్ని నిమిషాల్లో తెచ్చిస్తుంది. పుస్తకాలు తక్కువ చోటులో సర్దుకోవడంతో మిగిలిన చోటంతా మనుషులకు దక్కింది. ఎలా ఉందని అక్క కూతుర్ని అడిగితే యంత్రం గురించి రెండు ముక్కలే చెప్పింది. "పిన్నీ, ఇక్కడ బ్యాగులో ఏముందని ఎవరూ అడగరు. కాఫీ పట్టుకుని లోపలికెళ్లొచ్చు. రాత్రి ఎంతసేపైనా కూర్చోవచ్చు" అంది. కాసేపాగి తనే అంది, "కానీ ర్యాకుల మధ్య తిరగడం ఉండదు. ఏం కావాలో ముందే తెలిసుండాలి." ఆ యంత్రం ఖరీదు మనం భరించలేం, దాని గురించి మనకు చింత అక్కర్లేదు. అమ్మాయి చెప్పిన రెండో మాట మాత్రం, చదువరిని ర్యాకుల దగ్గరికి రానివ్వని మన క్లోజ్డ్ స్టాక్ లైబ్రరీలకు అచ్చంగా వర్తిస్తుంది. అక్కడ పుస్తకం యంత్రం వెనక ఉంది, ఇక్కడ తాళం వెనక ఉంది.

గాజు మోజు గురించి ప్యారిస్‌నే అడగాలి. 1996లో తెరిచిన ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయంలో పుస్తకాలను నాలుగు ఎత్తయిన గాజు టవర్లలో పెట్టి, చదివేవాళ్లను కింద తోట చుట్టూ కూర్చోబెట్టారు. ఎండ తగలకూడని కాగితం పైన, వెలుతురు కావలసిన మనిషి కింద. చివరికి గాజు లోపల చెక్క పలకలు అడ్డు పెట్టవలసి వచ్చింది. చలిదేశంలోనే అలా ఉంటే, మే నెలలో మా ఊళ్లో పడమటి గాజు గోడ సంగతి చెప్పాలా? మా ప్లాన్‌లో గాజంతా పడమటి వైపే ఉంది, రోడ్డు అటుంది కాబట్టి.

అమెరికాలోనే ఎక్సిటర్ అనే ఊళ్లో ఒక స్కూలు కోసం ఆర్కిటెక్టు లూయీ కాన్ కట్టిన లైబ్రరీ 1971 నాటిది. మన అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన కానే. అక్కడ పుస్తకాలు లోపలి వలయంలో, నీడలో ఉంటాయి. మనుషులు బయటి గోడ పొడవునా, కిటికీ పక్కన ఒక్కొక్కరికీ ఒక్కో చెక్క బల్ల. బల్ల దగ్గర కళ్ల ఎత్తులో ఒక చిన్న కిటికీ, దానికి పక్కకు జరిపే చెక్క తలుపు. వెలుతురు ఎంత కావాలో కూర్చున్న మనిషే తేల్చుకుంటాడు. యాభై ఏళ్లు దాటిన ఈ కట్టడం, నాకు తెలిసినంతలో, నాలెడ్జ్ సెంటర్లని పిలుచుకునే ఇప్పటి లైబ్రరీల కంటే చదివే మనిషిని బాగా అర్థం చేసుకుంది. చదివే పిల్లవాడు పుస్తకం తీసుకుని వెలుతురులోకి వెళ్లి తన సామాను పరుచుకుంటాడని ముందే ఊహించి కట్టారు. ఉత్తరం కిటికీ దగ్గర కుర్చీ కోసం పోటీ పడే మా పిల్లలకూ కావలసింది అదే. ఇటుక గోడ, లోతైన కిటికీ, వరండా నీడ, మన మేస్త్రీలకు చేతనైన పనే.

మాట్లాడుకునే చోటు గురించి పెద్దగా వాదించను. అవసరమే. ప్రాజెక్టు చేసేవాళ్లు, ఒకరికొకరు చెప్పుకుంటే తప్ప అర్థం కానివాళ్లు ఉంటారు. తలుపున్న నాలుగు చిన్న గదులు, ఒక్కోదాంట్లో తెల్లబోర్డు ఉంటే చాలు. అవి ప్రవేశం దగ్గర ఉండాలి, నిశ్శబ్దం లోపలికి వెళ్లేకొద్దీ పెరగాలి. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి వెనక తలుపు నుంచి కాకుండా అందరూ వచ్చే తలుపు నుంచే రావాలి. చూపు లేనివాళ్లకు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటరు, దాన్ని విని చదువుకునే గది ఉండాలి.

అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా

కమిటీలో కుర్ర అధ్యాపకుడొకరు సూటిగా అడిగారు: 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' వచ్చాక భవనమే ఎందుకు? 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఆ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల నుంచి దాదాపు 13,000 పరిశోధన జర్నళ్లు 6,300 ప్రభుత్వ సంస్థలకు అందుతాయి. గొప్ప పనే. చిన్న ఊరి ప్రభుత్వ కాలేజీలో ఇంత సరుకు మునుపెన్నడూ లేదు. ప్రైవేటు కాలేజీల్లో చదివేవాళ్లకు ఇది ఇంకా అందలేదన్నది వేరే మాట.

కానీ మా పిల్లలు ఆ జర్నల్ వ్యాసాన్ని చదివేది అరచేతిలో ఇమిడే ఫోను తెర మీద. రెండు కాలమ్‌ల పీడీఎఫ్‌ను వేలితో అటూ ఇటూ జరుపుతూ ఎంతసేపు చదువుతారు? టేబుల్ ఒక పేజీలో, దాని వివరణ మరో పేజీలో. వాళ్లకు కావలసింది పెద్ద తెర, పేజీకి రూపాయి తీసుకునే ప్రింటరు, 'దీన్ని ఎలా వెతకాలి' అని అడిగితే విసుక్కోకుండా చూపించే మనిషి. అంటే మళ్లీ లైబ్రరీయే. జర్నళ్లు ఆన్‌లైన్లోకి వెళ్లేకొద్దీ కూర్చునే చోటు విలువ పెరుగుతోంది.

సాయంత్రం ఐదు తర్వాత

ఇంతా రాశాక మిగిలిన ప్రశ్న వేళలది. మా లైబ్రరీ సాయంత్రం ఐదింటికి మూస్తారు. క్లాసులు నాలుగున్నరకు అయిపోతాయి. పిల్లలకు లైబ్రరీ దొరికేది అరగంట. ఎన్ని కోట్లతో కట్టినా ఆ అరగంట పెరగకపోతే ఏం లాభం?

పొద్దుపోయాక అమ్మాయిలు ఎలా ఉంటారని మొదటి అభ్యంతరం. ఈ మాట విన్నప్పుడల్లా నాకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. 2014లో అక్కడి మహిళా కళాశాల డిగ్రీ విద్యార్థినులకు విశ్వవిద్యాలయ ప్రధాన లైబ్రరీ అయిన మౌలానా ఆజాద్ లైబ్రరీలో సభ్యత్వం లేకపోవడం మీద దేశమంతా చర్చ జరిగింది. చోటు చాలదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. అలహాబాద్ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. చోటు తక్కువన్నా, వేళ మించిందన్నా, ముందు బయట ఉండిపోయేది ఆడపిల్లే. ఆమె కోసం లైబ్రరీని తొందరగా మూయడం పరిష్కారం కాదు. దారిలో లైట్లు వేయాలి, లైబ్రరీ నుంచి గేటు దాకా కనుచూపు ఆగకుండా ఉండాలి, లైబ్రరీలోనే శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. మా ప్లాన్‌లో టాయిలెట్లు భవనం వెనక విడిగా ఉన్నాయి. వాటిని లోపలికి మార్చమని రాశాను, మార్చారు. చివరి పల్లెవెలుగు ఎన్నింటికో కనుక్కుని దాన్నిబట్టే వేళలు పెట్టాలని కూడా రాశాను.

రెండో అభ్యంతరం మనిషి గురించి. సాయంత్రం పూట కూర్చోవడానికి ఇంకో అటెండర్ కావాలి. భవనానికి వచ్చే గ్రాంటులోంచి జీతం ఇవ్వడానికి వీల్లేదు, కొత్త పోస్టు రాదు. ఇక్కడ నా దగ్గర పూర్తి జవాబు లేదు. సీనియర్ విద్యార్థులకు గంటకింత అని ఇచ్చి కౌంటర్ దగ్గర కూర్చోబెట్టే ఎర్న్ వైల్ యు లెర్న్ పద్ధతి కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉంది. అదే అడిగాను. లైబ్రేరియన్ మేడమ్ వెంటనే ఒప్పుకోలేదు. పోయిన పుస్తకాలకు తను బాధ్యురాలిని కానని పాలకమండలి రాతపూర్వకంగా ఇస్తేనే అన్నారు. ఇవ్వాలనే నేనూ అన్నాను.

కొత్త భవనం వచ్చేదాకా ఆగక్కర్లేదని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఒక సెమిస్టర్ చూద్దామని, పాత హాల్లోనే, సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర దాకా, బ్యాగులతో సహా.